వెస్టర్న్ ఎప్పుడు వెస్టర్న్ అయింది? సినిమా జానర్లు మారే తీరు

1903లో ఎడిసన్ కంపెనీ కోసం ఎడ్విన్ ఎస్. పోర్టర్ తీసిన 'ద గ్రేట్ ట్రైన్ రాబరీ' నిడివి సుమారు పన్నెండు నిమిషాలు. దొంగలు టెలిగ్రాఫ్ ఆపరేటర్‌ని కట్టిపడేస్తారు, రైలెక్కి దోచుకుంటారు, గుర్రాల మీద పారిపోతారు, వెంటపడినవాళ్ల తూటాలకు కూలిపోతారు. కథ అంతే. దానితో నేరుగా సంబంధం లేని షాట్ ఇంకొకటి ఉంది. మీసాల దొంగ ఒకడు తెరనిండా కనిపించి, పిస్తోలు సరిగ్గా మన మొహానికి గురిపెట్టి కాలుస్తాడు. ఈ షాట్‌ని మొదట్లో వేసుకున్నా సరే, చివర్లో వేసుకున్నా సరే అని కంపెనీ కేటలాగులోనే రాసి ఉంది.

వెస్టర్న్ అంటే అమెరికా పడమటి ప్రాంతపు కౌబాయ్ సినిమా. సినిమా చరిత్ర పుస్తకాల్లో చాలావాటిలో ఈ సినిమాకు తొలి వెస్టర్న్‌గానో, తొలి వెస్టర్న్‌లలో ఒకటిగానో చోటు దక్కింది. అందులో టోపీలున్నాయి, గుర్రాలున్నాయి, తుపాకులున్నాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ 1903లో దాన్ని చూసినవాళ్లు వెస్టర్న్ చూస్తున్నామని అనుకోలేదు. సినిమా రకానికి పేరుగా ఆ మాట అప్పటికి వాడుకలోనే లేదు. తొలినాళ్ల సినిమాని లోతుగా చదివిన చార్లెస్ మస్సర్ చెప్పేదాని ప్రకారం ఆనాటి జనం దీన్ని నేరాల సినిమాలు, వెంటాడే సినిమాలు, రైలు ప్రయాణాల సినిమాల వరసలో పెట్టి చూశారు. దాన్ని తీసింది కూడా పడమటి ఎడారుల్లో కాదు, తూర్పు తీరంలోని న్యూజెర్సీ చుట్టుపక్కల.

మరి అది వెస్టర్న్ ఎప్పుడు అయినట్టు? సినిమాలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు. మారింది దాని తర్వాత వచ్చిన సినిమాలు. వాటికో పేరు కుదిరాక, ఆ పేరు వెనక్కి నడిచి వెళ్లి ఈ సినిమాని కూడా తనలో కలుపుకుంది. జానర్ల, అంటే సినిమా రకాల, మార్పు గురించిన చర్చ మొత్తానికి ఈ చిన్న సంగతే తాళంచెవి అని నేను గట్టిగా నమ్ముతాను. జానర్ పుట్టింది, ఎదిగింది, ముసలిదైంది, చచ్చిపోయింది అని మనం తేలిగ్గా అనేస్తాం. అది ప్రాణి కాదు. తీసేవాళ్లకీ, అమ్మేవాళ్లకీ, చూసేవాళ్లకీ మధ్య ఉన్న ఒప్పందం. ఆ ఒప్పందాన్ని ముగ్గురూ ఎప్పటికప్పుడు తిరగరాసుకుంటూనే ఉంటారు.

అయినా ప్రాణితో పోల్చడం ఊరికే రాలేదు, దానికి చాలా ఆకర్షణ ఉంది. కళారూపాలకు కూడా దశలుంటాయని ఫ్రెంచి కళాచరిత్రకారుడు ఆన్రీ ఫొసియోన్ 1930లలో రాశాడు. 1981లో సినిమా పరిశోధకుడు థామస్ షాట్జ్ ఆ ఆలోచనని హాలీవుడ్‌కి అన్వయించాడు. మొదట ప్రయోగ దశ, అంటే నియమాలు ఇంకా కుదురుకోని కాలం. తర్వాత క్లాసిక్ దశ. అప్పటికి నియమాలు తీసేవాళ్లకీ చూసేవాళ్లకీ కంఠతా వచ్చేసి ఉంటాయి, కాబట్టి దృష్టంతా కథ మీదే. ఆ తర్వాత నగిషీల దశ. చివరిది రూపం తనని తానే చూసుకునే దశ, అందులో కథ కన్నా నియమాల గురించిన చర్చే ఎక్కువ.

ఇది ఎంత బాగా కుదురుతుందో చూడాలంటే జాన్ ఫోర్డ్ తీసిన రెండు సినిమాలు చాలు. 1939 నాటి 'స్టేజ్‌కోచ్'లో జాన్ వేన్ తొలిసారి కనిపించే షాట్ తీసుకోండి. ఎడారి మధ్యలో ఒక మనిషి రైఫిల్‌ని ఒంటి చేత్తో గిర్రున తిప్పి బండి ఆపుతాడు. కెమెరా అతని మొహం మీదికి ఎంత ఆత్రంగా దూసుకెళ్తుందంటే, దారిలో ఒక్క క్షణం ఫోకస్ కూడా జారుతుంది. ఇతనే హీరో, ఇతని మీద అనుమానం పెట్టుకోవద్దు అని చెప్పే షాట్ అది. పదిహేడేళ్ల తర్వాత 1956లో వచ్చిన 'ద సెర్చర్స్'లో అదే దర్శకుడు, అదే నటుడు, అవే మాన్యుమెంట్ వ్యాలీ కొండలు. ఈసారి వేన్ పాత్ర కమాంచీ తెగ ఆదివాసులు ఎత్తుకుపోయిన సోదరుడి కూతురి కోసం ఏళ్ల తరబడి వెతుకుతుంది. దొరికితే ఇంటికి తీసుకొస్తాడో, వాళ్లలో కలిసిపోయిందన్న కసితో చంపేస్తాడో చివరిదాకా మనకు తెలియదు. ఆఖరి షాట్‌లో అందరూ ఇంట్లోకి వెళ్లిపోతారు. అతను గుమ్మం బయటే నిలబడి, ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకుని, కాసేపు అలాగే ఉండి వెనక్కి తిరిగి ఎడారివైపు నడుస్తాడు. తలుపు మూసుకుంటుంది, తెర నల్లబడుతుంది. మొదటి సినిమా హీరోని నమ్మమంది. రెండోది అలాంటి హీరోకి ఇంట్లో చోటెక్కడిది అని అడిగింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకి క్లాసిక్ నుంచి నగిషీకి, నగిషీ నుంచి ఆత్మవిమర్శకి అన్న గీత కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆపైన 1974లో మెల్ బ్రూక్స్ 'బ్లేజింగ్ శాడిల్స్' వచ్చి మొత్తం జానర్‌నే ఆటపట్టించింది. బొమ్మ పూర్తయినట్టే ఉంటుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ట్యాగ్ గాలగర్ అనే విమర్శకుడు పాత సినిమాల్ని నిజంగా కూర్చుని చూశాడు. తొలి వెస్టర్న్‌లు అమాయకమైనవి, తర్వాతివే తెలివైనవి అనే మాట నిలబడదని వాదించాడు. ఆ వాదనకి బలమిచ్చే ఉదాహరణలు మనకే దొరుకుతాయి. విలియం ఎస్. హార్ట్ అనే మూకీల నాటి వెస్టర్న్ హీరో ఉండేవాడు, గంభీరమైన మొహంతో, పశ్చాత్తాపపడే మంచి దొంగ పాత్రలకు పెట్టింది పేరు. హాస్యనటుడు బస్టర్ కీటన్ 1922లోనే 'ద ఫ్రోజెన్ నార్త్' అనే చిన్న సినిమాలో అతన్ని అనుకరించి ఏడిపించాడు. అంతకన్నా ముందు 1917లో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ 'వైల్డ్ అండ్ వూలీ'లో వెస్టర్న్ కథల పిచ్చి పట్టిన కుర్రాడిగా నటించాడు. అతన్ని సంతోషపెట్టడానికి ఒక ఊరు ఊరంతా పాతకాలపు వేషాలేసుకుని నాటకమాడుతుంది. పేరడీ ముసలితనంలో వస్తుందనుకుంటే, వెస్టర్న్ 'క్లాసిక్' కావడానికి ఇరవై ఏళ్ల ముందే ముసలిదైపోయినట్టు లెక్క.

దశలు అబద్ధం అని నేను అనను. ఒక దర్శకుడి జీవితంలోనో, పదేళ్ల ఒరవడిలోనో అవి నిజంగానే కనిపిస్తాయి. కానీ వాటిని మొత్తం జానర్‌కి జాతకంలా రాసిపెట్టడం వల్ల పెద్ద నష్టమే జరుగుతుంది. ఆ జాతకానికి సరిపడని సినిమాల్ని మనం చూడటమే మానేస్తాం.

ఇక్కడ ఎక్కువ పనికొచ్చే మనిషి సినిమా పరిశోధకుడు రిక్ ఆల్ట్‌మన్. 1984లో రాసిన ఒక వ్యాసంలో ఆయన జానర్‌ని రెండు పొరలుగా విడదీశాడు. భాషాశాస్త్రం నుంచి మాటలు అరువు తెచ్చుకుని ఒకదాన్ని పదాల పొర అన్నాడు, రెండోదాన్ని వాక్యనిర్మాణపు పొర అన్నాడు. మన మాటల్లో చెప్పుకుంటే సరుకూ, అల్లికా. తుపాకులు, టోపీలు, నైట్‌క్లబ్బులు, పాడుబడ్డ బంగళాలు, ఇవన్నీ సరుకు. వాటిని కలిపి ఏం చెబుతున్నారు, ఎవరు గెలుస్తారు, ఏది ఏదానికి ఎదురు నిలబడుతుంది, ఇది అల్లిక. జానర్ మారిందంటే చాలాసార్లు ఈ రెండింటిలో ఒకటి మారి, ఇంకొకటి అలాగే ఉండిపోయిందని అర్థం.

గ్యాంగ్‌స్టర్ సినిమాలో ఇది చేత్తో ముట్టుకుని చూడొచ్చు. 1931లో వార్నర్ బ్రదర్స్ 'ద పబ్లిక్ ఎనిమీ'లో జేమ్స్ కాగ్నీ రౌడీగా ఎదుగుతాడు. చివర్లో శత్రువులు అతని శవాన్ని కట్లు కట్టి ఇంటికి పంపుతారు. తలుపు తీయగానే అది నిలువునా బోర్లా పడుతుంది, ఇంట్లో గ్రామఫోన్ మోగుతూనే ఉంటుంది. 1934 నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్ అనే స్వీయ సెన్సారు నియమాలను గట్టిగా అమలు చేయడం మొదలైంది. నేరస్తుడిపై జనానికి జాలీ అభిమానమూ కలిగేలా తీయకూడదన్నారు. స్టూడియో ఏం చేసింది? 1935లో 'జీ మెన్' తీసింది. అదే కాగ్నీ, అదే దూకుడు, అవే కార్లు, అవే తుపాకులు, అదే వీధి భాష. కాకపోతే ఈసారి అతను ప్రభుత్వ ఏజెంటు. సరుకంతా గోడౌన్‌లో ఉన్నదే, అల్లిక మాత్రం తిరగబడింది. దీన్ని గ్యాంగ్‌స్టర్ జానర్ 'ఎదుగుదల' అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. బయటి నుంచి ఒక గోడ అడ్డొచ్చింది, నీళ్లు పక్కకు తిరిగాయి.

ఆల్ట్‌మన్ తర్వాత 1999లో రాసిన పుస్తకంలో ఇంకో గమనిక ఉంది, నాకు అది మరీ ఇష్టం. జానర్ పేర్లు మొదట విశేషణాలుగా పుడతాయట. 'వెస్టర్న్' అని ఒంటరిగా ఎవరూ అనలేదు. వెస్టర్న్ ఛేజ్ సినిమా, వెస్టర్న్ రొమాన్స్, వెస్టర్న్ కామెడీ అనేవారు. ఆ విశేషణం పట్టుకున్న నామవాచకాలు క్రమంగా రాలిపోయి, విశేషణమే నామవాచకమై కూర్చుంది. మ్యూజికల్ సంగతీ అంతే. 1927లో పాటలూ మాటలూ వినిపించిన 'ద జాజ్ సింగర్' తర్వాత తెరమీద పాట వరదలా వచ్చింది. అయినా వాటిని మ్యూజికల్ కామెడీ, మ్యూజికల్ డ్రామా అనే పిలిచేవారు. ఒట్టి 'మ్యూజికల్' అన్న మాట నిలదొక్కుకున్నది 1930 తర్వాత, అదీ జనం పాటల సినిమాలతో విసిగి హాళ్లకు రావడం తగ్గించిన రోజుల్లో. ఒకేలాంటివి మరీ ఎక్కువైపోయాయని అందరికీ అనిపించినప్పుడే వాటన్నింటికీ కలిపి ఒక పేరు అవసరమైంది.

పేరు వెనక్కి నడవడానికి అన్నింటికన్నా గొప్ప ఉదాహరణ ఫిల్మ్ నోయిర్, అంటే నేరాలూ చీకటి నీడలూ నిండిన సినిమాలు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఆక్రమణ కింద ఉన్న ఫ్రాన్సులోకి అమెరికన్ సినిమాలు రాలేదు. యుద్ధం అయ్యాక 1946 వేసవిలో 'ద మాల్టీజ్ ఫాల్కన్', 'డబుల్ ఇండెమ్నిటీ', 'లారా' లాంటివి పారిస్‌లో కొద్ది వారాల వ్యవధిలో వరసగా ఆడాయి. అమెరికాలో ఇవి నాలుగైదేళ్లలో విడివిడిగా, వందల సినిమాల మధ్య వచ్చాయి కాబట్టి అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు. పారిస్‌లో ఒక్కసారిగా కుప్పగా చూసేసరికి నినో ఫ్రాంక్ అనే విమర్శకుడికి ఏదో మారిందనిపించింది. ఆ ఏడాది ఆగస్టులో రాసిన వ్యాసంలో 'నోయిర్' అన్న మాట వాడాడు. అంటే నలుపు. వీటిని తీసినవాళ్లకి తాము నోయిర్ తీస్తున్నామని తెలియదు. హాలీవుడ్ వ్యాపార పత్రికలు అప్పట్లో ఇలాంటి సినిమాల్ని ఎక్కువగా మెలోడ్రామాలనే రాసేవి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మెలోడ్రామా అంటే ఇప్పుడు మనకి కన్నీళ్లు, కుటుంబం, త్యాగం గుర్తొస్తాయి. స్టీవ్ నీల్ అనే సినిమా పరిశోధకుడు ఆ పాత పత్రికల్ని ఓపిగ్గా తిరగేసి చూస్తే, వాటి భాషలో మెలోడ్రామా అంటే థ్రిల్లు, నేరం, ప్రమాదం, ఉత్కంఠ అని తేలింది. ఇప్పటి అర్థానికి దాదాపు ఎదురు. అంటే జానర్లు మారడమే కాదు, జానర్ పేర్ల అర్థాలు కూడా మన కాళ్ల కింద జరిగిపోతుంటాయి. పాత సమీక్షలో కనిపించిన మాటని నేటి అర్థంతో చదివితే ఆ సినిమా ఎలా ఆడిందో, ఎవరికోసం తీశారో అంతా తప్పుగా అర్థమవుతుంది.

నోయిర్ కథ అక్కడితో ఆగలేదు. 1970లు, 80ల నాటికి దర్శకులు సినిమా పుస్తకాలు చదువుకుని వచ్చారు. ఆ పేరు వాళ్లకి తెలుసు. వెనీషియన్ బ్లైండ్ల (కిటికీకి వేలాడే అడ్డపలకల తెరల) గుండా చారలు చారలుగా పడే వెలుతురు, ఓడిపోవడానికే పుట్టినట్టుండే డిటెక్టివ్, కావాలనే తెచ్చి పెట్టుకున్నారు. విమర్శకుడు వెనక్కి చూసి పెట్టిన పేరు ముందుకు నడిచి కొత్త సినిమాలు పుట్టించింది. ఏ ప్రాణి పరిణామంలోనూ ఇలా జరగదు. ఏ జంతువూ తన జాతి గురించి పుస్తకం చదివి రూపం మార్చుకోదు. నాకు ప్రాణి పోలిక పనికిరాదనిపించడానికి అసలు కారణం ఇదే.

ఇక నిర్మాతల వైపు. వాళ్లు జానర్ గురించి ఆలోచించరు, నిన్నటి హిట్టు గురించి ఆలోచిస్తారు. అది ఎందుకు ఆడింది? హీరో వల్లా, దెయ్యం వల్లా, పండగ రోజు పేరు పెట్టడం వల్లా? సమాధానం ఎవరికీ కచ్చితంగా తెలియదు కాబట్టి ఒక్కో నిర్మాత ఒక్కో దినుసు పట్టుకుని మళ్లీ వండుతాడు. ఏ దినుసుతో వండినవి ఎక్కువ ఆడాయో అది ఒరవడి అవుతుంది. 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' చాలా తక్కువ ఖర్చుతో తీసి విపరీతంగా ఆడింది. మరుసటి ఏడాది షాన్ కన్నింగ్‌హామ్ 'ఫ్రైడే ద థర్టీన్త్' అన్న పేరుతో 'వెరైటీ' అనే సినిమా వ్యాపార పత్రికలో పెద్ద ప్రకటన వేయించాడు. అప్పటికి స్క్రిప్టు పూర్తి కాలేదు. చేతిలో ఉన్నది పేరు, అది తెచ్చే భయం, అంతే. 1980లో సినిమా వచ్చింది, ఆడింది, ఆపైన ముసుగు హంతకుల సినిమాలు వరసకట్టాయి. 1987లో పరిశోధకురాలు క్యారల్ క్లోవర్ వీటన్నిట్లో చివరిదాకా బతికి హంతకుణ్ణి ఎదుర్కొనే ఒకే అమ్మాయి ఉంటోందని గమనించి 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది. 1996లో 'స్క్రీమ్' వచ్చేసరికి పాత్రలే నియమాలు వల్లించుకుంటూ చావు తప్పించుకోవడానికి తంటాలు పడతాయి. పద్దెనిమిదేళ్లలో పేరు, సిద్ధాంతం, పేరడీ అన్నీ పూర్తయ్యాయి.

ఇలాంటి కొద్ది కాలపు ఒరవడిని పరిశోధకులు జానర్ అనకుండా సైకిల్ అంటారు. చాలా సైకిళ్లు నాలుగైదేళ్లలో ఆరిపోతాయి. కొన్ని మాత్రమే మిగిలి జానర్‌గా స్థిరపడతాయి. ఏది మిగులుతుందో ముందే చెప్పగల సూత్రం ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు.

వెస్టర్న్ 'చచ్చిపోయింది' అన్న మాట కూడా ఇలాగే ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. 1955లో అమెరికా టీవీలో 'గన్‌స్మోక్' మొదలై 1975 దాకా ఇరవై ఏళ్లు నడిచింది. వారం వారం ఇంట్లోనే ఉచితంగా గుర్రాలు పరుగెడుతుంటే, హాలుకి రమ్మనడానికి వేరే కారణం కావాలి. హాళ్లలో తగ్గింది, ఇళ్లలో పెరిగింది, దాన్ని మరణం అనడం ఎంతవరకు సబబు? ఇంకోపక్క జపాన్‌లో 1961లో అకిరా కురొసావా తీసిన 'యోజింబో' 1964లో ఇటలీలో సెర్జియో లియోనీ చేతిలో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' అయింది. అనుమతి తీసుకోలేదని వివాదం నడిచి చివరికి డబ్బు కట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఇటాలియన్ గాలి ఆంధ్రదేశం దాకా వచ్చి 1971లో కృష్ణ హీరోగా 'మోసగాళ్లకు మోసగాడు' అయింది. ఇది ఒక వంశవృక్షంలా కొమ్మలు చీలిన కథ కాదు. కత్తి దూసే సమురాయ్ తుపాకి పట్టి వేరే దేశం పేరుతో మూడో దేశానికి చేరుకున్న కథ. జీవులు ఇలా జాతులు దాటి కలవడం అరుదు, సినిమాలకి అది రోజువారీ పని.

ఇంత చర్చలోనూ ఎక్కువమంది దాటేసే ప్రశ్న ఒకటుంది. ఏ సినిమాల్ని చూసి ఇవన్నీ చెబుతున్నాం? ఆండ్రూ ట్యూడర్ అనే పరిశోధకుడు 1970లలో దీన్ని ఒక చిక్కుముడిగా చూపించాడు. వెస్టర్న్ అంటే ఏమిటో తేల్చాలంటే వెస్టర్న్‌లని చూడాలి. ఏవి వెస్టర్న్‌లో ఎంచుకోవాలంటే వెస్టర్న్ అంటే ఏమిటో ముందే తెలియాలి. 1975లో విల్ రైట్ అనే పరిశోధకుడు ఈ చిక్కుని దాటడానికి బాగా డబ్బులొచ్చిన వెస్టర్న్‌లనే తీసుకుని, వాటి కథల్ని నాలుగు రకాలుగా విడగొట్టి, ఆ రకాల మార్పుని అమెరికా ఆర్థిక వ్యవస్థ మార్పుతో ముడిపెట్టాడు. వాదన చక్కగా అతుకుతుంది. కానీ శనివారాల్లో పిల్లలతో నిండిపోయిన చవక బడ్జెట్ వెస్టర్న్‌లు ఆ లెక్కలోకి రాలేదు. అవి లెక్కలోకి వస్తే బొమ్మ అలాగే ఉండేదని నేను అనుకోను. గొప్ప సినిమాలనే పట్టుకుంటే జానర్ ఎప్పుడూ లోతుగా మారుతున్నట్టు ఉంటుంది, మామూలు సినిమాలన్నీ చూస్తే అది చాలావరకు ఉన్నచోటే తచ్చాడుతున్నట్టు ఉంటుంది. నాకు రెండో బొమ్మే నిజానికి దగ్గరగా తోస్తుంది, ఎందుకంటే జనం ఎక్కువగా చూసింది అవే.

అసలు చూడటానికి మిగిలిందెంత అన్నది దీనికన్నా బాధ కలిగించే విషయం. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రచురించిన నివేదిక ప్రకారం 1912 నుంచి 1929 మధ్య ఆ దేశంలో విడుదలైన మూకీ ఫీచర్ సినిమాలు సుమారు 11,000. వాటిలో మొదట విడుదలైన రూపంలో పూర్తిగా దక్కినవి 14 శాతం. మంటల్లో పోయినవి, డబ్బాల్లో కుళ్లిపోయినవి, ఫిల్ములోని వెండి కోసం కరిగించేసినవి మిగతావి. తొలి దశలో జానర్ సాదాగా ఉండేదని రాసే ప్రతి వాక్యమూ ఆ మిగిలిన కొద్దిపాటి సినిమాల మీదే నిలబడి ఉంది.

అందుకే ఈ మధ్య కొందరు పరిశోధకులు సినిమాలతో పాటు వాటి చుట్టూ ఉన్న కాగితాల్ని చదువుతున్నారు. కేటలాగులు, పోస్టర్లు, వ్యాపార పత్రికల్లోని ప్రకటనలు. పాత సినిమా పత్రికల లక్షల పేజీలు స్కాన్ అయి ఉచితంగా వెతుక్కోవడానికి దొరుకుతున్నాయి. 1910 ప్రాంతపు పేజీల్లో 'వెస్టర్న్' అని వెతికితే ఆ మాట పక్కన ఇంకో మాట అంటుకునే కనిపిస్తుంది, డ్రామా అనో, కామెడీ అనో. ఏ పత్రికలో, ఏ ఏడాది ఆ రెండో మాట రాలిపోయిందో ఒక్కో ప్రకటనా చూసుకుంటూ వెతకాలి. ఎడిసన్ కేటలాగు రాసినాయనకి సినిమా రకానికి పేరుగా ఆ మొదటి మాటే అక్కర్లేకపోయింది. రైలు దోపిడీ, గుర్రాలు, మొహం మీదికి పేలే పిస్తోలు, అవి చెబితే చాలనుకున్నాడు.